ఇంటి తాహతు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాణ్ణి ఆ ఇంటి గురించి ఏం అడిగినా టకటకా చెప్పేస్తాడు. ఎన్ని స్క్వేర్ ఫీట్లు, తూర్పు ముఖమా ఉత్తర ముఖమా, స్కూలుకి పదికి ఎంత రేటింగు, ప్రాపర్టీ టాక్సు ఎంత, వడ్డీ ఎంతకి లాక్ చేశాడు - అన్నీ నోటికే ఉంటాయి. "మీ ఇంటికి ఎన్ని యాంపియర్ల సర్వీసు?" అని అడిగి చూడండి. ఒక్క క్షణం ఆగి, "వందో రెండొందలో ఉంటుంది లెండి" అంటాడు.

కొత్త ఇల్లయితే ఆ జవాబుతో గడిచిపోతుంది. డెబ్భై, ఎనభై ఏళ్ళ నాటి ఇల్లయితే మాత్రం గడవదు. ఆ ఇంట్లో ఇంకో గది వేసుకోవచ్చా, ఇంకో ఏసీ పెట్టుకోవచ్చా, ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళని చల్లగా వెచ్చగా చూసుకోవచ్చా అన్నవన్నీ ఆ అంకె మీద ఆధారపడి ఉంటాయి.

మేముండేది సెంట్రల్ న్యూజెర్సీలో. కరెంటు చరిత్రకి ఇది పుణ్యక్షేత్రం లాంటిది. థామస్ ఎడిసన్ 1879లో బల్బు వెలిగించి చూపించిన మెన్లో పార్కు ఇప్పటి ఎడిసన్ టౌన్‌షిప్పులోనే ఉంది. పక్కనే ఉన్న రోజెల్ అనే ఊరికి 1883లో స్తంభాల మీద తీగలు లాగి దీపాలు వెలిగించాడాయన. ఇప్పుడా చుట్టుపక్కల ఓక్ ట్రీ రోడ్డు మీద ఇడ్లీ, దోసె, ఆవకాయ, అన్నీ దొరుకుతాయి. మనవాళ్ళు ఇక్కడ కొనుక్కునే ఇళ్ళలో చాలా భాగం రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కట్టిన చిన్న కేప్ కాడ్ ఇళ్ళు. మాదీ అలాంటిదే. 1952లో కట్టారు. మేము 2009లో కొన్నాం.

2022లో అమ్మనీ నాన్నగారినీ తెనాలి నుంచి శాశ్వతంగా తెచ్చేసుకున్నాం. అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. రాత్రిళ్ళు ఆక్సిజన్ మిషను పెట్టుకుని పడుకోవాలని డాక్టర్లు చెప్పారు. మేడమెట్లు ఎక్కలేదు. కింద ఉన్న ఒక్క బెడ్‌రూము వాళ్ళకిచ్చాం. అది ఎప్పుడో వెనకవైపు పొడిగించి కట్టిన గది, సెంట్రల్ ఏసీ గాలి అక్కడిదాకా రాదు. జూలై వచ్చేసరికి అమ్మకి ఊపిరాడ్డం కష్టమైంది. ఆ గదికి వేరే ఏసీ పెట్టించాలి, బేస్‌మెంటులో నాన్నగారికి కూర్చునే చోటు ఏర్పాటు చెయ్యాలి అనుకున్నాం.

అప్పుడు పుట్టింది ఈ ప్రశ్న. ఇంట్లో ఏసీ మొదలైనప్పుడల్లా లైట్లు ఒక్కసారి కళ్ళార్పుతున్నాయి. ఈ ఇల్లు ఇంకో ఏసీని మోస్తుందా?

అడిగినవాళ్ళందరూ తలా ఒక అంకె చెప్పారు.

బేస్‌మెంటు పని చూడ్డానికి వచ్చిన కాంట్రాక్టరు బయట మీటరు దగ్గర నిలబడి, "ఇదిగో, సీఎల్ 200 అని ఉంది. మీది 200 యాంపియర్ల సర్వీసు. బెంగ లేదు" అన్నాడు. శనివారం భోజనానికి వచ్చిన మిత్రుడొకాయన బేస్‌మెంటులోకి దిగి, మెయిన్ బ్రేకరు చూశాడు. దాని మీద పక్కపక్కనే రెండు పిడులున్నాయి, ఒక్కో దాని మీద 100 అని ఉంది. "వందా వందా రెండొందలు. కాంట్రాక్టరు చెప్పింది కరెక్టే" అని తేల్చేశాడు. ప్యానెల్ తలుపు లోపల అతికించిన కాగితం మీద 125 అని ఉంది. ఇల్లు కొన్నప్పటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో 100 యాంపియర్ల ప్యానెల్ అని ఉంది. మా అబ్బాయి చిన్న బ్రేకర్ల మీద అంకెలన్నీ కూడుకుంటూ పోయి మూడొందల పైన తేల్చాడు.

నాన్నగారు ఇవన్నీ వింటూ కూర్చున్నారు. ఆయన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డులో లైన్ ఇన్‌స్పెక్టరుగా 1998లో రిటైరయ్యారు. మరుసటి ఏడాది ఆ బోర్డే లేకుండా పోయి, జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. "నేను దిగిపోయాక వాళ్ళ వల్ల కాలేదు" అని జోకు వేస్తుంటారు. అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి చెయ్యడానికి పనేమీ లేదు. కారు నడపలేరు. టీవీలో వార్తలు అర్థం కావు. సాయంత్రం వీధి చివరిదాకా నడిచి, స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్ని కాసేపు చూసి వచ్చేవారు.

"ఒరే అబ్బాయ్, మీరందరూ పెట్టెలు చూస్తున్నారు. తీగ ఎవరూ చూడలేదేం?" అన్నారు.

మర్నాడు పొద్దున టార్చిలైటు పట్టుకుని ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. ఆయన వెనకాల నేను. ఆ గంటలో నేను నేర్చుకున్నది మీకు కూడా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు పైన చూడాలి. స్తంభం నుంచి మన ఇంటికి ఎన్ని తీగలు వస్తున్నాయి? మన తెనాలిలో ఫేజు ఒకటి, న్యూట్రలు ఒకటి, మధ్యన 230 వోల్టులు. ఇక్కడ మూడు తీగలు. రెండిటిలో కరెంటు, ఒకటి న్యూట్రలు. "రెండు ఫేజులిచ్చారేమిట్రా?" అని నాన్నగారు మొదట ఆశ్చర్యపోయారు. రెండు కాదు, ట్రాన్స్‌ఫార్మర్లో ఒకే 240 వోల్టుల చుట్టని నడిమధ్య పట్టుకుని న్యూట్రలు తీశారు. అందువల్ల ఒక్కో తీగకీ న్యూట్రలుకీ మధ్య 120, రెండు తీగల మధ్య 240. దీపాలకి, ఫ్రిజ్‌కి 120. ఏసీకి, బట్టలారబెట్టే డ్రయరుకి 240. ఎక్కడైనా మరీ పాత ఇంటికి రెండే తీగలు వస్తుంటే ఆ ఇంటికి 120 వోల్టులే ఉన్నాయని, తాహతు బహుశా 30 యాంపియర్లకి మించదని అర్థం.

తరవాత మీటరు. దాని మీద సీఎల్ 200 అంటే ఆ మీటరు 200 యాంపియర్ల వరకు కొలవగలదని మాత్రమే. "తూకం రాయి వంద కిలోలది ఉంటే బస్తాలో వంద కిలోల బియ్యం ఉన్నట్టా?" అన్నారు నాన్నగారు. కరెంటు కంపెనీలు చిన్న సర్వీసుకీ పెద్ద సర్వీసుకీ అదే రకం మీటరు తగిలించడం మామూలే.

మూడోది మెయిన్ బ్రేకరు. దాని పిడి మీద అంకె ముఖ్యమైనదే. కానీ రెండు పిడులు కలిపి కట్టి ఉంటే రెండు అంకెలు కూడకూడదు. ఒక్కో పిడి ఒక్కో తీగని కాపలా కాస్తుంది. 100, 100 అని ఉంటే అది 100 యాంపియర్ల సర్వీసే. 240 వోల్టుల మీద 100 యాంపియర్లంటే 24 కిలోవాట్లు. కొన్ని పాత ప్యానెళ్ళలో అసలు ఒక్క మెయినంటూ ఉండదు. ఆరు దాకా పెద్ద స్విచ్చులుంటాయి, అన్నీ ఆపితేగానీ ఇల్లంతా ఆగదు. అలాంటి చోట పెట్టె చూసి తాహతు చెప్పడం కుదరదు.

తలుపు మీద 125 అన్నది ఆ పెట్టె లోపలి రాగి పట్టీలు మొయ్యగలిగే గరిష్ఠం. చిన్న బ్రేకర్ల కూడిక అసలు లెక్కలోకే రాదు. ఇంట్లో అన్నీ ఒకేసారి పూర్తిగా వాడరు కాబట్టి ఆ మొత్తం మెయిన్ కన్నా సాధారణంగా ఎక్కువే ఉంటుంది.

ఇక మిగిలింది తీగ. స్తంభం నుంచి ఇంటిదాకా వచ్చే తీగ కరెంటు కంపెనీది. గాలిలో వేలాడుతుంది కాబట్టి సన్నగా ఉన్నా వేడి పోతుంది, దాని లెక్కలు వాళ్ళవి. ఇంటి గోడ మీద ముడి వేసిన చోటు నుంచి కిందికి మీటరు దాకా, మీటరు నుంచి బేస్‌మెంటులో ప్యానెల్ దాకా వచ్చే కేబులు మాత్రం ఇంటివాళ్ళది. నాన్నగారు అక్కడ ఆగిపోయారు.

కేబులు పైన గుడ్డతో అల్లిన తొడుగు ఉంది. రంగు వేసీ వేసీ బెరడులా అయింది. అక్కడక్కడ చిరిగి లోపలి పోగులు కనిపిస్తున్నాయి. మీటరు పెట్టె అడుగున తుప్పు చారలు. అలాంటి తొడుగు చిరిగితే వాననీళ్ళు వత్తిలా పీల్చుకుని పెట్టెలోకి దించుతుంది. బేస్‌మెంటులో ప్యానెల్ మాత్రం కొత్తదానిలా బూడిదరంగులో మెరుస్తోంది.

"పెట్టె కొత్తది. తీగ ఇల్లు కట్టిననాటిది" అన్నారు నాన్నగారు. "ఎవరో మధ్యలో ఫ్యూజుల డబ్బా పీకేసి బ్రేకర్లు పెట్టారు. తీగ మార్చలేదు."

"అయితే మూత తీసి చూద్దామా?" అన్నాను.

"నేను ముప్ఫై ఆరేళ్ళు బోర్డులో చేశాను. నేనే ముట్టను, నువ్వెవరివి? మెయిన్ ఆపినా మీటరు నుంచి వచ్చే తీగలో కరెంటు ఉంటూనే ఉంటుంది. దాన్ని ఆపే స్విచ్చు ఈ ఇంట్లో లేదు. లైసెన్సు ఉన్నవాణ్ణి పిలువు."

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పోర్చుగల్ నుంచి వచ్చి స్థిరపడినాయన, ఆయనకీ అరవై దాటాయి. మూత తీసి, తీగ దగ్గర గేజి పట్టి, "నంబర్ సిక్స్, కాపర్" అన్నాడు. నాన్నగారికి ఇంగ్లీషు యాస అర్థం కాలేదు గానీ అంకె అర్థమైంది. మన దగ్గర పాతరోజుల్లో తీగని 7/20, 3/22 అని పిలిచేవారు, అంటే 20 గేజి పోగులు ఏడు, 22 గేజి పోగులు మూడు అని. అక్కడా ఇక్కడా గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఇద్దరూ వేళ్ళతో మందం చూపించుకుంటూ ఓ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. మధ్యలో నేను తర్జుమా చేసింది తక్కువే.

ఆరో నంబరు రాగి తీగ దగ్గర దగ్గర 60 యాంపియర్లకి సరిపోతుంది. ఇళ్ళల్లో 100 యాంపియర్ల సర్వీసుకి నాలుగో నంబరు రాగి గానీ రెండో నంబరు అల్యూమినియం గానీ వెయ్యాలి. 200కి అయితే అంతకన్నా చాలా లావు, రాగి అయితే రెండు సున్నాలది, అల్యూమినియం అయితే నాలుగు సున్నాలది. 1952లో మా ఇంటికి 60 యాంపియర్ల ఫ్యూజుల డబ్బా ఉండి ఉంటుందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. ఆ కాలానికది గొప్పే. 60 యాంపియర్లంటే 14.4 కిలోవాట్లు. తెనాలిలో మా ఇంటి కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు 3 కిలోవాట్లు. "పధ్నాలుగు కిలోవాట్లతో పిండిమర నడుపుకోవచ్చు గదరా" అన్నారు నాన్నగారు.

ఆ డబ్బా ఉన్నంతకాలం ఇల్లు భద్రంగానే ఉంది. 60 దాటితే ఫ్యూజు మాడేది, దీపాలు ఆరేవి, ఎవరో తిట్టుకుంటూ మార్చేవారు. మాకు ముందున్న యజమానుల్లో ఎవరో దాని బదులు 100 యాంపియర్ల బ్రేకరు పెట్టి, దానికి 60 యాంపియర్ల తీగే తగిలించి ఉంచారు. ఇప్పుడు 80 యాంపియర్లు గంటలకొద్దీ పారినా బ్రేకరు కదలదు. దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. గోడలో తీగ మాత్రం వేడెక్కుతుంది. వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 60 బదులు 80 పారితే వేడి దాదాపు 1.8 రెట్లు. ఆ గోడకి అవతలే అమ్మ మంచం.

ఐదు అంకెలు చెప్పారు మాకు. ఒక్కటీ అబద్ధం కాదు. 200 మీటరుది, 125 పెట్టెది, 100 బ్రేకరుది. ఇంటి తాహతు మాత్రం ఆ గొలుసులో అన్నిటికన్నా సన్నటి లంకెది. అది 60. ఆ అంకె ఎక్కడా రాసి లేదు.

"మరి మనకి కావలసిందెంత?" అంది మా ఆవిడ. అది రెండో సగం. తాహతు తెలిస్తే చాలదు, అవసరం తెలియాలి.

దానికి ఇక్కడి ఎలక్ట్రికల్ కోడులో ఒక లెక్క ఉంది. ఈ కోడు మొదటిసారి 1897లో వచ్చింది, మూడేళ్ళకోసారి సవరిస్తారు. 2020, 2023 పుస్తకాల్లో ఇళ్ళకి వాడుకోదగ్గ సులువు పద్ధతి ఇది. భోజనాల బల్ల మీద ఎలక్ట్రీషియన్ కాగితం మీద వేశాడు, నాన్నగారు పక్కన ఇంకో కాగితం మీద వేశారు.

ఇల్లు 1,600 చదరపు అడుగులు, అడుగుకి 3 వాట్ల చొప్పున 4,800. వంటింటి ప్లగ్గుల సర్క్యూట్లు రెండిటికి 3,000, బట్టలుతికే చోటికి 1,500. గిన్నెలు తోమే మిషను, గోడకి బిగించిన మైక్రోవేవు, సింకులో చెత్త నలిపే మోటారు కలిపి 3,500. డ్రయరు 5,000. మొత్తం 17,800. ఇందులో మొదటి పదివేలు పూర్తిగా వేసుకోవాలి. మిగిలిన 7,800లో 40 శాతం చాలు, ఎందుకంటే అన్నీ ఒక్కసారి నడవవు. అది 3,120. వెరసి 13,120. దీనికి ఏసీలు పూర్తిగా కలపాలి. ఉన్నదానికి 4,000, అమ్మ గదికి పెట్టబోయేదానికి 1,500. మొత్తం 18,620. దాన్ని 240తో భాగిస్తే సుమారు 78 యాంపియర్లు. మా ఇంట్లో పొయ్యి, నీళ్ళు కాచేది, చలికాలం వేడి - మూడూ గ్యాసు మీదే కాబట్టి ఇంతతో సరిపోయింది.

అమ్మ ఆక్సిజన్ మిషను తినేది 350 వాట్లు, మూడు యాంపియర్లు కూడా కాదు. కానీ అది ఆగకూడదు.

60 చాలదు, 100 చాలు. అయితే మా ఆవిడ కరెంటు కారు కొంటానంటోంది. ఇంట్లో పెట్టే మామూలు చార్జరు 32 యాంపియర్లు లాగుతుంది, గంటలతరబడి. అప్పుడు 100 దాటిపోతుంది. కేబులు, మీటరు పెట్టె, ప్యానెల్, ఎర్తింగు ఎలాగూ మార్చాలి. 100కైనా 200కైనా కూలి దాదాపు ఒకటే. 200 పెట్టించాం.

అందరూ 200 పెట్టించుకోవాలని కాదు నేననేది. తీగ, పెట్టె సవ్యంగా ఉన్న 100 యాంపియర్ల ఇంటికి పెద్దది అక్కర్లేకపోవచ్చు. ఏడాది పొడుగునా ఇంటి గరిష్ఠ వాడకం కరెంటు కంపెనీ దగ్గర ఉంటే, దానికి పాతిక శాతం కలిపి, కొత్త లోడు చేర్చి చూసుకునే పద్ధతి కూడా కోడులోనే ఉంది. అమ్మేవాడు చెప్పాడని కాక, లెక్క చెప్పిందని పెట్టించుకోండి. మీ ఇంట్లో కొన్ని దీపాలు మసకబారి, అదే సమయంలో ఇంకొన్ని మరీ ప్రకాశంగా వెలిగితే మాత్రం లెక్కలు వెయ్యకండి. న్యూట్రలు ఊడుతోందని దాని అర్థం. వెంటనే కరెంటు కంపెనీకి ఫోన్ చెయ్యండి.

టౌన్‌షిప్పులో పర్మిట్ తీసుకుని, ఆగస్టులో ఒక మంగళవారం పని పెట్టుకున్నాం. ఆ రోజు అమ్మని చల్లగా ఉన్న స్నేహితుల ఇంట్లో దించాం. పొద్దున ఎనిమిదికి కరెంటు తీశారు. పాత కేబులు గోడ మీంచి ఊడదీస్తుంటే తొడుగు పొడి పొడిగా రాలింది. ప్యానెల్లోకి దూరే చోట, చివర జానెడు మేర, తీగ మీది రబ్బరు నల్లగా మాడి గోరు తగిలితే పెచ్చులూడుతోంది. ఎలక్ట్రీషియన్ ఆ ముక్క కత్తిరించి నాన్నగారి చేతికిచ్చాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా నాకిచ్చారు. అదింకా నా బల్ల సొరుగులో ఉంది.

చీకటి పడేవేళకి కరెంటు వచ్చింది. తరవాత టౌన్‌షిప్పు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి ఆమోదించాడు. ఏ బ్రేకరు ఏ గదిదో ప్యానెల్ తలుపు మీద స్పష్టంగా రాసి ఉండాలనేది నియమం. ఎలక్ట్రీషియన్ ఇంగ్లీషులో రాశాడు. దాని పక్కన నాన్నగారు ఇంకో కాగితం అంటించారు, గుండ్రటి అక్షరాలతో: వంటిల్లు, చావడి, మేడ మీద గది, బట్టల మిషను. పధ్నాలుగో బ్రేకరుకి ఎదురుగా ఎర్ర సిరాతో, "అమ్మ మిషను. ఆపరాదు" అని. "ఇదే భాష?" అని ఇన్‌స్పెక్టరు అడిగితే చెప్పాను. ఇంగ్లీషుది కూడా ఉంది కాబట్టి అభ్యంతరం లేదన్నాడు.

కరెంటు కంపెనీకి ఫోన్ చేసి, ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న మనిషి ఉందని నమోదు చేయించాం. చాలా కంపెనీలు ఇలా రాసుకుంటాయి. అయినా తుఫానొస్తే ఎవరి వరస వాళ్ళదే కాబట్టి ఒక సిలిండరు ఇంట్లో ఉంచాం.

ఈ వీధిలో ఇళ్ళన్నీ ఒకే కాలంలో కట్టినవి. మా గోడ మీద కొత్త కేబులు చూసి, పక్కింటి ముసలావిడ, మీ నాన్నగారు ఒకసారి మా ఇల్లు కూడా చూస్తారా అని అడిగింది. నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, టార్చిలైటు తీసుకుని బయల్దేరారు. ఆవిడ బేస్‌మెంటులో ఇంకా పాత ఫ్యూజుల డబ్బానే ఉంది, మెయిన్, రేంజ్ అని రాసిన రెండు నల్లటి పెట్టెలు, వాటి కింద నాలుగు గాజు ఫ్యూజులు. మీటరు నుంచి వచ్చేది మా ఇంట్లో ఉండినలాంటి గుడ్డ కేబులే. కానీ తొడుగు ఎక్కడా చిరగలేదు, తుప్పు లేదు, సర్క్యూట్లకి తగ్గ ఫ్యూజులే ఉన్నాయి. ఆవిడకి ఉన్నది ఒక ఫ్రిజ్, ఒక టీవీ, కిటికీలో ఒక చిన్న ఏసీ.

"ఏమంటున్నారాయన?" అందావిడ ఆత్రంగా.

"ఈ డబ్బా పాతదే గానీ నిజం చెబుతోంది. 60 అంటే 60. కొత్తగా ఏదైనా పెట్టేముందు మాత్రం తీగతో సహా మార్పించమను" అన్నారు నాన్నగారు. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆవిడ ఆయనకి కాఫీ ఇచ్చింది. పంచదార లేని ఆ నల్ల కాఫీని ఆయన మొహం చిట్లించకుండా ఆఖరి చుక్క దాకా తాగారు.